వీపు వెనక గులాబీలు

కూర్చుని చేసే ఉద్యోగానికి నడుంనొప్పి ఏమిటని ఇన్షిరాహ్‌ను అడగనివాడు పాపాత్ముడు. మొగుడు అడిగాడు, ఆడబిడ్డ అడిగింది, ఆఖరికి సూదిమందు పొడిచే కాంపౌండరు కూడా అడిగాడు. ఆమె ఎవరికీ జవాబు చెప్పలేదు. జవాబు చెప్పాలంటే వాళ్లను రెక్క పట్టుకుని తీసుకొచ్చి తన కుర్చీలో ఓ పూట కూర్చోబెట్టాలి. అది అయ్యే పనా?

ఆమెది జనన మరణ పత్రాలు రాసిచ్చే ఆఫీసు. కిటికీకి అడ్డంగా పెద్ద గాజు పలక, దానికి గుండ్రంగా ఒక కంత. ఆ కంత పెట్టినవాడెవడో గానీ, మనుషుల నోళ్లు బొడ్డు దగ్గర ఉంటాయనుకున్నట్టున్నాడు. అవతలివాళ్లు చెప్పేది వినపడాలంటే ఇన్షిరాహ్ మెడ వంచి, నడుం వంచి, చెవిని కంతకు ఆనించాలి. కాగితం అందుకున్నాక కుడివైపు కంప్యూటరుకు తిరగాలి. అచ్చు తీశాక ముద్ర కోసం వెనక ఉన్న బీరువా వైపు మెలి తిరగాలి. మళ్లీ కంత. పొద్దున కిటికీ తెరిచింది మొదలు మధ్యాహ్నం మూసేదాకా ఇదే ప్రదక్షిణం. ఈ మధ్య ఎడమ తుంటిలో మొదలైన నొప్పి మడమ దాకా పాకుతోంది. ఒక్కోసారి లేచి నిలబడితే ఆ కాలు ఉందో లేదో కూడా తెలియడం లేదు.

కుర్చీ సంగతి చెప్పనే అక్కర్లేదు. సీటు ఒక పక్కకు కుంగిపోయింది. వెనక ఆనుకునే పలక మర ఊడిపోయి వేలాడుతోంది. ఆనుకుంటే వెల్లకిలా పడాల్సిందే, అందుకని ఆనుకోకుండా కూర్చోవడం ఆమె ఎన్నడో నేర్చుకుంది. కొత్తది ఇవ్వరా అంటే, ఇవ్వరు. పాత కుర్చీ ఆమె పేరు మీద రాసి ఉంది. అది పనికిరాదని తేల్చడానికి పైనుంచి కమిటీ రావాలి. కమిటీ వచ్చి తేల్చేదాకా ఒక పేరు మీద రెండో కుర్చీ ఇవ్వకూడదు. ఆ కమిటీ కోసం ఎదురుచూస్తున్న విరిగిన బల్లలూ ఒంటికాలి స్టూళ్లూ వరండా నిండా గోడకు చేరబడి ఉన్నాయి, ఒక్కోదాని మీద ఒక్కో నంబరు.

ఇదంతా ఎక్కడ? దుమ్యాత్‌లో! ఏ సందులోకి తిరిగినా రంపం చప్పుడు, వార్నిష్ వాసన తగిలే ఊళ్లో! ఈజిప్టులో ఏ మూల పెళ్లి జరిగినా పెళ్లికూతురి సామాను ఇక్కడినుంచే లారీ ఎక్కాలి. ఆమె మొగుడు మిస్బాహ్ స్వయానా కొయ్య మీద పువ్వులు చెక్కే పనివాడు. అటువంటి ఇంటి ఆడది విరిగిన కుర్చీలో కూర్చుని నడుం పోగొట్టుకుంటోంది.

పోయిన నెల డాక్టరు ఆమె వీపు తట్టి చూసి తేల్చేశాడు. "కుర్చీ మార్చకపోతే ఆపరేషన్ బల్ల ఎక్కాలి తల్లీ. వెనక నడుముకి ఆసరా ఉండాలి, పాదాలు నేలకు ఆనాలి, మధ్యమధ్య లేచి నాలుగడుగులు వేయాలి." పక్కనే ఉన్న మిస్బాహ్ అంతా విన్నాడు. ఇంటికొచ్చాక, "కుర్చీయే కదా, అదీ ఒక సమస్యేనా" అన్నాడు. ఆ తర్వాత రోజూ షాపు పని అయ్యాక ఆలస్యంగా ఇల్లు చేరడం మొదలుపెట్టాడు.

శుక్ర, శనివారాల సెలవు ముగిసి ఆదివారం ఆఫీసు తెరిచే వేళకు మిస్బాహ్ మూడు చక్రాల బండి మీద దుప్పటి కప్పిన సామాను ఒకటి తెచ్చి గేటు దగ్గర దింపాడు. కాపలాదారుకు నచ్చజెప్పి లోపలికి మోసుకొచ్చి, అందరి ముందూ దుప్పటి లాగేశాడు.

ఆఫీసులో పని ఆగిపోయింది. బీచ్ చెట్టు కొయ్యతో చేసిన కుర్చీ. కాళ్లు సింహం పంజాలు. చేతులాన్చుకునే చోట తీగలు అల్లుకుపోయాయి. ఇక వెనక పలక, దాని నిండా గులాబీలు! మొగ్గలు, అరవిరిసినవి, మధ్యలో అరచేయంత పెద్ద గులాబీ ఒకటి, రేకు మీద రేకు లేచి, చేత్తో తుంచుకోవచ్చు అనిపించేలా ఉంది. పైన బంగారు పూత.

పక్క కిటికీలో పనిచేసే సుహైర్ అయిదు వేళ్లూ చాపి కుర్చీకి దిష్టి తీసింది. "అక్కా, ఇది నీ వీపుకా? పెళ్లికూతురు ఎక్కే పీటకా?"

మిస్బాహ్ మీసం కింద నవ్వు దాచుకోవడానికి నానా తంటాలూ పడ్డాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, పిల్లాడిలా చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. ఈ రోజుల్లో పువ్వులన్నీ మిషనే చెక్కేస్తోంది. షాపులో అతని చేత అతుకులు వేయిస్తున్నారు, ఇసుక కాగితం రుద్దిస్తున్నారు. చేత్తో గులాబీ చెక్కి ఎన్నేళ్లయిందో అతనికే గుర్తు లేదు.

"కూర్చో, కూర్చుని చూడు" అన్నాడు.

ఇన్షిరాహ్ కూర్చుంది. ఎన్నాళ్లకో ధైర్యంగా వెనక్కి వాలింది. వాలగానే మధ్య గులాబీ సరిగ్గా వెన్నుపూస మీద దిగింది. పైన మొగ్గలు రెండూ రెక్కల ఎముకల్లో గుచ్చుకున్నాయి. సీటు పెళ్లివారి సోఫా ఎత్తున ఉంది, పాదాలు నేలకు అందక వేళ్ల మీద ఆగాయి.

"బాగుందా?"

చుట్టూ ఇంతమంది, ఎదురుగా అతని మొహం. "రాణీలా ఉంది" అంది ఇన్షిరాహ్.

మిస్బాహ్ దుప్పటి మడిచి చంకలో పెట్టుకుని, ఛాతీ విరుచుకుని వెళ్లిపోయాడు. పాత కుర్చీని బీరువా పక్కకు నెట్టారు. అది ఎక్కడికీ పోవడానికి వీల్లేదు, ఆమె పేరు మీద ఉంది కదా.

ఆ పూటంతా ఆమె గులాబీలకు తగలకుండా ముందుకు జరిగి కూర్చుంది. అంటే పాత కుర్చీలో ఎలా కూర్చునేదో అలాగే. పైపెచ్చు కాళ్లు వేలాడుతున్నాయి. శాలువా మడిచి వీపు వెనక పెట్టుకుంటే, "అయ్యో, పువ్వులు కప్పేశావేం అక్కా" అంది సుహైర్. పత్రాల కోసం వచ్చినవాళ్లు కూడా కంతలోంచి తొంగిచూసి, "మాషా అల్లా" అని పొగిడి పోతున్నారు. ఆమె శాలువా తీసేసి పళ్ల బిగువున కూర్చుంది.

సాయంత్రం ఇంట్లో మిస్బాహ్ రొట్టె తుంచుతూ అడిగాడు.

"ఏమన్నారు మీవాళ్లు?"

"ఏమంటారు, నోళ్లు వెళ్లబెట్టారు."

"ఆ పెద్ద గులాబీ చూశావా? కింది రేకు లోపలికి మడిచాను. మిషన్‌ని మడవమను చూద్దాం!"

ఆమె మిరపకాయలతో నంజుకునే తెల్ల జున్ను అతని పళ్లేంలోకి జరిపింది. చెప్పాలనుకుంది. అతని వేళ్ల మీద కొత్త గాట్లు చూసి ఊరుకుంది. పడుకోబోయే ముందు అద్దంలో వీపు చూసుకుంటే, వెన్ను మీద గుండ్రంగా కమిలింది.

మర్నాడు పెద్ద ఆఫీసరు వగీహ్ గారు గదిలోంచి బయటికొచ్చారు. ఆయన చెడ్డవాడని అనలేం. ఎవరి మీదా గట్టిగా అరవడు, పంచదార పలుకులు. కాకపోతే తన సౌకర్యం సంగతి వస్తే మాత్రం చెవులు రెండూ మూసుకుపోతాయి. ఆయన కుర్చీ తోలుది, గిరగిరా తిరుగుతుంది, మెడకు కూడా దిండు ఉంది.

"అల్లా, అల్లా! ఏం పనితనం ఇన్షిరాహ్ మేడమ్! మా ఆవిడ పెళ్లి సామానులో కూడా ఇలాంటిది లేదు."

ఆ ఊళ్లో ఎవరైనా మన వస్తువును పొగిడితే అనాల్సిన మాట ఒకటుంది. గాజు గ్లాసును పొగిడినా అదే, కొత్త కారును పొగిడినా అదే. "మీకంటే ఎక్కువా, తీసుకోండి" అనాలి. అవతలివాడు గుండె మీద చెయ్యేసుకుని, "వద్దు వద్దు, యజమాని దగ్గరే చల్లగా ఉండాలి" అనాలి. అక్కడితో సరి. చంటిపిల్లలకు కూడా తెలిసిన మర్యాద ఇది.

"మీకంటే ఎక్కువా ఉస్తాజ్, తీసుకోండి" అంది ఇన్షిరాహ్, ముద్ర వేస్తూ, తల ఎత్తకుండా.

వగీహ్ గారు గుండె మీద చెయ్యి వేసుకోలేదు. చేయి చాచి మధ్య గులాబీని నిమిరారు.

"మీరింత ప్రేమగా అంటుంటే కాదనడం నా వల్ల కాదు. వచ్చే ఆదివారం గవర్నరు ఆఫీసు నుంచి పెద్దలు వస్తున్నారు. నా గదిలో అతిథుల కుర్చీ చూడండి ఎంత అసహ్యంగా ఉందో. ఆదివారం పొద్దున్నే మావాడి చేత తీయిస్తాలెండి. మీకు మీ కుర్చీ ఎలాగూ ఉందిగా!"

బీరువా పక్కన వేలాడే పలకతో పాత కుర్చీ ఉంది. ఇన్షిరాహ్ చేతిలో ముద్ర కాగితం మీదే ఉండిపోయింది, సిరా పాకి పసిబిడ్డ పేరు మీదకు వచ్చింది. మళ్లీ అచ్చు తీయాల్సి వచ్చింది.

ఆయన తలుపు మూసుకోగానే సుహైర్ బల్ల మీద చెయ్యి చరిచింది. "సిగ్గుందా మనిషికి! మర్యాదకన్న మాటను పట్టుకుని కుర్చీ ఎత్తుకుపోతాడా? వెళ్లి అడుగు అక్కా!"

"ఏమని అడగను? తీసుకోమన్నది నేనేగా!"

"వీపు పోతుందని చెప్పు! డాక్టరు కాగితం చూపించు!"

"చూపించాను. పోయిన నెలే. 'కూర్చుని చేసే పనే కదా మేడమ్' అన్నారు."

సుహైర్ తల పట్టుకుంది. ఇన్షిరాహ్‌కు ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. అలసట తప్ప ఏమీ లేదు. ఇంకా దారుణం, మనసు ఓ మూల తేలికపడింది కూడా: పోనీ, ఆ గులాబీల బాధ తప్పుతుంది. అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఈ కుర్చీ నొప్పి, ఆ కుర్చీ నొప్పి, అయినా మిస్బాహ్‌కు ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? నువ్వు చెక్కిన గులాబీల మీద ఎవడో కూర్చుని కాఫీ తాగుతాడని చెప్పాలా?

చెప్పలేదు. అతను రోజూ "బాగుందా" అంటాడు, ఆమె రోజూ "బాగుంది" అంటుంది. గురువారం మాత్రం మిస్బాహ్ షాపు నుంచి త్వరగా బయటపడి, చెప్పాపెట్టకుండా ఆఫీసుకు వచ్చాడు. పైకి చెప్పలేదు గానీ, కుర్చీని నలుగురు పొగుడుతుంటే ఇంకోసారి వినాలని అతని సరదా.

అతను వచ్చేసరికి ఇన్షిరాహ్ పాత రిజిస్టరు కోసం మేడమీది గదికి వెళ్లింది. కాలు ఈడ్చుకుంటూ ఆ మెట్లు ఎక్కి దిగడానికి ఆమెకు చాలాసేపు పడుతుంది.

"కూర్చో ఉస్తా, వచ్చేస్తుంది. నీ కుర్చీయేగా" అంది సుహైర్. చేతిపని తెలిసినవాళ్లను అక్కడ ఉస్తా అనే పిలుస్తారు.

మిస్బాహ్ కూర్చున్నాడు. కూర్చున్నాడో లేదో, కంతలోంచి ఒక ముసలమ్మ కాగితం దూర్చింది.

"ఇదిగో నాయనా, మా మనవరాలి పేరు తప్పు పడింది."

"నేను ఇక్కడివాణ్ణి కాదు హాజ్జా, ఆవిడ వస్తుంది."

"ఆఁ?"

అతను వంగి కంతలో చెప్పాడు. ముసలమ్మ ఏదో అంది, వినపడలేదు. ఇంకా వంగి చెవి పెట్టాడు. పేరు మొదలు, ఊరు, మనవరాలి తండ్రి దుర్మార్గం, అంతా వినిపించింది ఆవిడ. వెనక వరసలోవాళ్లు, "ఏమయ్యా, పని చూడవేం" అని గాజు మీద తట్టారు. ఒకడు కాగితం లాక్కుని ఇంకోటి దూర్చాడు. మిస్బాహ్ వంగాడు, లేచాడు, వంగాడు. జన్మంతా నిలబడి పనిచేసిన నడుం అది, ఈ వంపు దానికి కొత్త. ఉస్సురంటూ వెనక్కి వాలాడు.

వాలినవాడు ఉలిక్కిపడి ముందుకు వచ్చాడు. మళ్లీ నెమ్మదిగా వాలాడు. ఈసారి వాలి అలాగే ఉండిపోయాడు. తర్వాత లేచి, కుర్చీ వెనకకు వెళ్లి, బొటనవేలితో మధ్య గులాబీ అంచు తడిమాడు. కింద మడిచిన రేకు. మిషన్ మడవలేని రేకు. అంచు కత్తిలా ఉంది. వంగి చూస్తే, సీటు ముందు నేల మీద చెప్పు కొనలు రాసుకున్న గీతలు. మడమలు ఆనిన జాడే లేదు.

"సుహైర్, ఈవిడ ఇందులో ఎలా కూర్చుంటుంది?"

సుహైర్‌ది ఇన్ని రోజులూ దాచుకున్న నోరు. ఊరుకుంటుందా? "ఎలా కూర్చుంటుంది, అంచు మీద కూర్చుంటుంది! ఇంకెన్నాళ్లులే ఉస్తా, ఆదివారం ఎలాగూ పెద్దాయన గదికి పోతోందిగా" అని వగీహ్ గారి మర్యాద కథంతా ఏకరువు పెట్టింది.

ఇన్షిరాహ్ రిజిస్టరు గుండెకు ఆనించుకుని, గోడ పట్టుకుని నడిచి వచ్చేసరికి, మిస్బాహ్ వగీహ్ గారి గది ముందు నిలబడి ఉన్నాడు. ఆయన సెలవులకు ఇంటికి బయలుదేరుతున్నారు.

"నీ చేతులు చల్లగా ఉండాలి ఉస్తా! ఆదివారం గదిలో పెట్టిస్తున్నాను."

"అలాగే ఉస్తాజ్. కొంచెం పని మిగిలిపోయింది. ఈ పూట ఇక్కడే పూర్తి చేసి ఇస్తాను. కాపలా అతనికి ఒక మాట చెప్పండి."

"మంచిది, మంచిది! మెరుగు పెట్టు బాగా!"

ఇన్షిరాహ్ నిలువునా నీరైపోయింది. అతనికి తెలిసిపోయింది. తెలిసి కూడా ఆ మనిషి కోసం మెరుగు పెడతాడట! ఇంతేనా, ఇంతేనా నా వీపు ఖరీదు అనే మాట ఆమె గొంతు దాకా వచ్చింది. ముసలమ్మ కంతలోంచి పిలిచింది. ఆమె వెళ్లి వంగింది.

కిటికీ మూసి అందరూ వెళ్లిపోయాక మిస్బాహ్ షాపుకు వెళ్లి పనిముట్ల మూట తెచ్చాడు. కుర్చీని రెండు బల్లల మీద బోర్లా కాకుండా, మొహం పైకి పెట్టి పడుకోబెట్టాడు. ఉలి తీసి బొటనవేలి మీద పదును చూసుకున్నాడు. సుత్తి ఎత్తి, మధ్య గులాబీ మీద దించాడు. పెద్ద రేకు ఒక్క దెబ్బకు ఎగిరి నేల మీద పడింది.

"నీకేమైనా పిచ్చా!" అని అతని చెయ్యి పట్టుకుంది ఇన్షిరాహ్.

"వదులు."

"నెల రోజులు చెక్కావు, మిస్బాహ్!"

"ఎప్పటినుంచి గుచ్చుకుంటోంది?"

ఆమె అతని చెయ్యి వదిలేసి, నేల మీద పడ్డ రేకు వైపు చూసింది.

"అడుగుతున్నానా?"

"కూర్చున్నప్పటినుంచీ."

"మరి నోట్లో ఏం పెట్టుకున్నావే? రోజూ అడిగానుగా!"

"బాగుందా అని అడిగావు. ఎవరు బాగుంది అనరు? నొప్పిగా ఉందా అని ఒక్కనాడు అడిగావా? 'కూర్చుని చేసే పనికి నొప్పేమిటి' అన్నావు. అందరికంటే ముందు అన్నది నువ్వే!"

మిస్బాహ్ సుత్తి దింపాడు. "అన్నాను" అన్నాడు. "ఎదురుగా నిలబడి చూస్తే ఎలా ఉంటుందో, అదే చూశాను ఇన్షిరాహ్. మా చేత చేయించేదంతా అదేగా, చూడ్డానికి. వీపు ఉంటుందని మర్చిపోయాను."

మళ్లీ మొదలుపెట్టాడు. మొగ్గలు పోయాయి, తీగలు పోయాయి. చెక్కుతున్నప్పుడు ఎంత నెమ్మదిగా చెక్కాడో తీసేటప్పుడూ అంతే నెమ్మదిగా తీశాడు. బంగారు రంగు అంటిన చెక్కముక్కలు బల్ల కింద కుప్పపడ్డాయి. గులాబీలు పోయిన చోట పచ్చి కొయ్య బయటపడింది. దాన్ని చిత్రిక పట్టి, నడుము దగ్గర లేత వంపు ఉంచి, ఇసుక కాగితం రుద్దాడు. ఒకసారి అటు తిరిగి జేబురుమాలుతో మొహం తుడుచుకున్నాడు. రంపపుపొట్టు పడిందేమో కంట్లో. ఇన్షిరాహ్ అడగలేదు.

కుర్చీ దింపి, "కూర్చో" అన్నాడు. ఆమె కూర్చుంది. అతను "బాగుందా" అనబోయి నాలుక కరుచుకున్నాడు.

"ఎక్కడ నొప్పి?"

ఇన్షిరాహ్ వెనక్కి వాలింది. ఊపిరి పీల్చుకుని, ఈసారి అతని మొహం చూడలేదు. వీపు ఏం చెబుతుందో విన్నది.

"ఇక్కడ, ఎడమ పక్క ఇంకా ఎత్తుగా ఉంది. కాళ్లు అందడం లేదు. సీటు అంచు తొడ కింద కోసుకుంటోంది."

"ఇంకా?"

"ఇంతే. కాదు, ఇంకోటి. ఈ చేతులు తీసెయ్యి, బీరువా వైపు తిరగడానికి అడ్డం."

"అబ్బ, ఇన్నాళ్లూ నోరు లేనిదానివి అనుకున్నానే!" అంటూ మిస్బాహ్ రంపం తీసి సింహం పంజాలు కోయడానికి నేల మీద కూర్చున్నాడు.

ఆదివారం పొద్దున్నే వగీహ్ గారు మనిషిని వెంటబెట్టుకుని వచ్చారు. కిటికీ దగ్గర ఆగి, కళ్లజోడు సర్దుకున్నారు. పువ్వుల్లేవు, పంజాల్లేవు, చేతుల్లేవు. రంగు లేని కొయ్య పలక, పొట్టి కాళ్లు, అందులో ఇన్షిరాహ్.

"ఇదేమిటి మేడమ్? దీనికేమైంది?"

"మిగిలిన పని పూర్తి చేశాడండి మా ఆయన."

ఆయన కుర్చీ చుట్టూ ఒకసారి చూశారు. ఇన్షిరాహ్ లేచి నిలబడి, కుర్చీని ఆయన వైపు కొంచెం జరిపింది.

"మీకంటే ఎక్కువా ఉస్తాజ్, తీసుకోండి."

సుహైర్ ఫైలులో మొహం దాచుకుంది. వగీహ్ గారు గుండె మీద చెయ్యి వేసుకున్నారు.

"వద్దు వద్దు మేడమ్. యజమాని దగ్గరే చల్లగా ఉండాలి."

ఆయన వెళ్లిపోయారు. ఇన్షిరాహ్ కూర్చుంది. కాలు ఇంకా లాగుతూనే ఉంది, నాలుగు రోజుల్లో పోయే నొప్పి కాదు అది. మడమలు నేల మీద ఆనించి, వెనక్కి వాలింది. కంతకు అవతల ఒకావిడ వంగి, పెదవులు కదుపుతోంది. ఇన్షిరాహ్ మెడ అలవాటుగా ముందుకు కదలబోయి ఆగింది.

"కాస్త గట్టిగా చెప్పమ్మా" అంది వీపు పలకకు ఆనించే ఉంచి. "నేను వంగలేను."